మాంసం కొట్టువాళ్ళ అమ్మాయి

పశువైద్య కళాశాలలో సీటు కోసం గువ్వ మొదటిసారి దరఖాస్తు పెట్టినప్పుడు వాళ్ళు ఇవ్వలేదు. మార్కులు చాలక కాదు, మార్కులు నిక్షేపంలా ఉన్నాయి. "అభ్యర్థికి జంతువులతో నేరుగా పనిచేసిన అనుభవం తగినంత కనబడలేదు" అని ఉత్తరంలో రాశారు.

ఆ ఉత్తరాన్ని వాళ్ళ నాన్న కొట్టులోనే నిలబడి చదివాడు. ఆయనది మాంసం కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. తెల్ల పలకల గోడ, వరసగా ఇనుప కొక్కేలు, ముప్పై ఏళ్ళ కత్తి దెబ్బలకు నడుమ పళ్ళెంలా గుంటపడిన మొద్దు. గువ్వ పసిపిల్లగా ఉన్నప్పుడు ఆ మొద్దు పక్కనున్న ఎత్తుపీట మీద కాళ్ళు ముడుచుకుని, ఉలుకూ పలుకూ లేకుండా గంటల తరబడి కూర్చునేది. గువ్వపిట్టలా కూర్చుందని నాన్న పెట్టిన పేరది. బళ్ళో రాయించిన పేరు ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు.

"అనుభవం లేదన్నారా?" అన్నాడు నాన్న. "నీకా?"

"వాళ్ళకి కళ్ళు గానీ కనపడవా ఏంటి?" అంది అమ్మ, తక్కెడ దగ్గర నుంచి. ఆమె తూకం వేస్తుంది, వచ్చినవాళ్ళతో మాట్లాడుతుంది. కొట్టుకి సగం మంది మాంసానికి వస్తే సగం మంది ఆమె మాటలకి వస్తారని నాన్న అంటుంటాడు. "పదేళ్ళప్పటి నుంచి ప్రతి శనివారం ఆ గొర్రెల మధ్యే కదే నువ్వు!"

నాన్న చేతులు తుడుచుకుని, "ఏం రాసి పంపావమ్మా? కాగితం ఉందా?" అని అడిగాడు.

గువ్వ లేదని చెబుదామనుకుంది గానీ ఆ నకలు ఆమె చేతిలోనే ఉంది. ఇచ్చింది.

అనుభవం అన్నచోట, కుక్కల సంరక్షణ కేంద్రంలో రెండు నెలలు కుక్కలకు స్నానాలు చేయించానని రాసింది. అంతే. కబేళా మాట లేదు, కొట్టు మాట లేదు. తండ్రి వృత్తి అన్నచోట 'వ్యాపారం' అని ఉంది.

నాన్న ఆ పేజీ చాలాసేపు చూశాడు. తర్వాత మడతపెట్టి, కొవ్వు మరక అంటకుండా జాగ్రత్తగా అంచు పట్టుకుని తిరిగి ఇచ్చాడు.

"వ్యాపారమే కదా. తప్పేముంది," అన్నాడు.

ఆ మాట అని గొట్టం తీసుకుని నేల కడగడం మొదలుపెట్టాడు. అప్పటికి పావుగంట ముందే ఆ నేల కడిగి ఉంది.

వ్యాపారం అని చెప్పే అలవాటు గువ్వకి తొమ్మిదో తరగతిలో మొదలైంది. ఒకరోజు బెంచీ మీద పక్కన కూర్చునే పిల్ల తన సంచీని మెల్లిగా అవతలికి జరుపుకుంది. "వాసన వేస్తోంది," అని ఇంకొకతెతో గుసగుసలాడింది. గువ్వ ఆ పొద్దున రెండుసార్లు సబ్బుతో స్నానం చేసింది. వాసన ఉందో లేదో ఆమెకి ఇప్పటికీ తెలియదు. కానీ ఆ రోజు నుంచి మీ నాన్న ఏం చేస్తారని ఎవరడిగినా "వ్యాపారం" అనేది. అడిగినవాళ్ళు బట్టల వ్యాపారమో, సామాన్ల వ్యాపారమో అనుకుని ఊరుకునేవాళ్ళు. అలా ఆ మాట నోటికి అలవాటై, చివరికి దరఖాస్తులోకి కూడా ఎక్కింది.

ఉత్తరం వచ్చిన రాత్రి అన్నాల దగ్గర అమ్మ మెల్లిగా అంది. "ఆయన కోప్పడితే బావుండేదే. రెండు కేకలేసి మర్చిపోయేవాడు."

నాన్న కోప్పడలేదు. మూడు రోజులూ మామూలుగానే మాట్లాడాడు. మామూలు కంటే కాస్త ఎక్కువ మర్యాదగా మాట్లాడాడు. గువ్వకి ఆ మర్యాదే ముల్లులా గుచ్చుకుంది. నాలుగో రోజు శనివారం. ఆమె మెలకువ వచ్చి చూసేసరికి బాగా తెల్లవారిపోయింది. నాన్న ఆమెను లేపకుండానే కబేళాకి వెళ్ళిపోయాడు. ఎనిమిదేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు.

దొరికిన చెప్పులు వేసుకుని పరుగెత్తింది.

కబేళా ఊరి చివర, రైలు పట్టాల పక్కన ఉంటుంది. గొర్రెలను లారీల నుంచి దింపే చోట వరసగా దొడ్లు, వాటి వెనక పొడుగాటి షెడ్డు. దొడ్ల దగ్గర పని గువ్వకి కొట్టినపిండి. పదేళ్ళప్పుడు నాన్న వెంట మొదటిసారి వచ్చింది. షెడ్డు లోపలికి పదహారు నిండేదాకా రానివ్వలేదు గానీ, బయట మాత్రం ఆయన అన్నీ చేయించాడు. లారీ పలక మీంచి గొర్రె జారకుండా దింపడం, నీళ్ళు పెట్టడం, ఏది కుంటుతోందో, ఏది మందలోంచి విడిపడి తల వాల్చిందో చూసి చెప్పడం. అలా పక్కకి తీసిన గొర్రెను నాన్న ముట్టుకునేవాడు కాదు. స్టాంపు డాక్టరమ్మ వచ్చేదాకా విడిగా కట్టేసేవాడు.

స్టాంపు డాక్టరమ్మ అంటే కబేళాలో మాంసం పరీక్ష చేసే పశువైద్యురాలు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, నడుముకి చిన్న కత్తి, చేతిలో ఊదారంగు ముద్ర. జబ్బు చేస్తే వాచే దవడ కింది బిళ్ళలు కోసి చూసి, కార్జం, ఊపిరితిత్తులు తడిమి, బాగుంటేనే ముద్ర కొట్టేది. ఆమె ముద్ర లేనిదే ఒక్క ముక్క బయటికి వెళ్ళకూడదు. ఒకసారి గువ్వ ఆమె మోచేతి దగ్గర నిలబడి, "ఆ బిళ్ళలో ఏం కనబడుతుందండీ?" అని అడిగింది. ఆమె పని ఆపి, కోసి చూపించింది. తను కూడా పశువుల డాక్టరు కావాలని గువ్వకి పుట్టింది ఆ పూటే.

పరుగెత్తుకొచ్చిన గువ్వను చూసి స్టాంపు డాక్టరమ్మ, "ఏంటీ, ఇవాళ ఆలస్యం? సీటు సంగతి ఏమైంది?" అంది.

గువ్వ చెప్పింది. అనుభవం లేదన్నారని చెప్పగానే ఆమె పకపకా నవ్వింది. ఏం రాసిందో చెప్పాక నవ్వడం మానేసింది.

"నేనేం చదివానో తెలుసుగా నీకు?"

"తెలుసండీ."

"నువ్వు చేరాలనుకుంటున్న కాలేజీలోనే చదివాను. చదివి ఇక్కడికే వచ్చాను. ఇది దాచుకునే చోటైతే నేనెందుకు వస్తాను? మీ నాన్నంటే నీకు సిగ్గు లేదని నాకు తెలుసు. కానీ ఆ కాగితం చదివిన మనిషికి ఏం తెలుస్తుంది? మీ నాన్నకి ఏం తెలుస్తుంది?"

గువ్వకి తల కొట్టేసినట్టయింది. నాన్న అవతలి దొడ్లో నీళ్ళ తొట్టి కడుగుతున్నాడు. వెళ్ళి ఆయన పక్కన నిలబడింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, చీపురు తీసుకుని తొట్టి రెండో వైపు రుద్దింది. కాసేపటికి అంది.

"నాన్నా, నేనలా రాయకుండా ఉండాల్సింది."

నాన్న రుద్దుతూనే ఉన్నాడు.

"బళ్ళో ఒకమ్మాయి వాసనంది. అప్పట్నుంచి..." ఆమె మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

"వాసన ఉంటుందమ్మా," అన్నాడు నాన్న. "మెకానిక్ దగ్గర గ్రీజు వాసన ఉంటుంది. పెయింటు వేసేవాడి దగ్గర పెయింటు వాసన ఉంటుంది. నేను పోయేచోటికల్లా కడుక్కునే పోతాను. ఇంకేం చెయ్యను?"

"నువ్వేం చెయ్యొద్దు నాన్నా. నేనే మళ్ళీ రాస్తాను. వచ్చే ఏడు అన్నీ ఉన్నదున్నట్టు రాస్తాను."

నాన్న తొట్టి బోర్లించి నీళ్ళు పారబోశాడు. "రాయి మరి. ఈసారి కాస్త చూసుకుని రాయి. వ్యాపారంలో 'వ' కింద వత్తు కూడా తిన్నగా పెట్టలేదు నువ్వు," అన్నాడు.

గువ్వ ఏడుస్తూనే నవ్వేసింది.

ఆ ఏడాదంతా ఆమె ఖాళీగా కూర్చోలేదు. స్టాంపు డాక్టరమ్మ చెప్పినట్టు ఒక నోటుపుస్తకం పెట్టి, చూసిన ప్రతి జబ్బు గొర్రె గురించీ రాసింది. ఎలా నిలబడింది, ఎలా ఊపిరి తీసింది, కోశాక లోపల ఏం కనబడింది. వానలు తగ్గాక ఒక కాపరి తెచ్చిన మందలో మూడు గొర్రెల కార్జాలు గట్టిపడి, నాళాల్లో ఆకుల్లాంటి చప్పిడి జలగలు కనబడ్డాయి. మూడూ పారేయించారు. అంతటితో ఊరుకోవచ్చు. గువ్వ ఊరుకోలేదు, నాన్న చెవిలో ఇల్లు కట్టుకుని పోరి, ఆయనను వెంటబెట్టుకుని ఆ కాపరి దగ్గరికి వెళ్ళింది.

కాపరి కస్సుమన్నాడు. "నా గొర్రెలకి ఏ రోగమూ లేదు. మాంసం కొట్టేవాళ్ళు, మీకేం తెలుసు వైద్యం?"

నాన్న నోరు విప్పబోయాడు. అంతలో గువ్వ ఒక గొర్రెను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, కింది కనురెప్ప తిప్పి చూపించింది. "చూడు మామయ్యా, ఎర్రగా ఉండాలి. కాగితంలా ఉంది. దవడ కింద పట్టుకో, నీరు చేరింది. నీళ్ళు ఎక్కడ తాగిస్తున్నావ్?"

కాపరి పల్లంలో ఉన్న మడుగు చూపించాడు. అంచు పొడవునా నత్తలే. ఆ నత్తల వల్లే జలగ జబ్బు వస్తుందని స్టాంపు డాక్టరమ్మ దగ్గర నేర్చుకుంది గువ్వ. మర్నాడు ఆమెనే తీసుకొచ్చి మందు పట్టించింది, మందను ఆ మడుగువైపు తోలడం మాన్పించింది. ఆ తర్వాత ఆ కాపరి దగ్గర నుంచి వచ్చిన గొర్రెల కార్జాలు మెత్తగా, నున్నగా ఉన్నాయి. కాపరి ఒకరోజు కొట్టుకొచ్చి, "చిన్న డాక్టరమ్మ ఉందా?" అని అడిగాడు. అమ్మ ఆ మాటను ఆ రోజు వచ్చిన ప్రతి మనిషికీ ఒకటికి రెండుసార్లు వినిపించింది.

రెండోసారి దరఖాస్తులో గువ్వ అన్నీ రాసింది. కళాశాల నుంచి ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది.

గదిలో బల్లకి అవతల ముగ్గురున్నారు. మధ్యలో కళ్ళద్దాల పెద్దాయన, ఒక పక్కన పొట్టిజుట్టు ప్రొఫెసరమ్మ, ఇంకో పక్కన కుర్ర లెక్చరరు. పెద్దాయన ముందు రెండు దరఖాస్తులూ పక్కపక్కన ఉన్నాయి.

"పోయినేడు తండ్రి వృత్తి వ్యాపారం అని రాశావు. ఇప్పుడు మాంసం కొట్టు అని రాశావు. ఏడాదిలో వృత్తి మార్చారా?"

"లేదండీ. నేను పుట్టకముందు నుంచీ అదే కొట్టు. పోయినేడు చెప్పడానికి సిగ్గుపడ్డాను."

"ఇప్పుడు సిగ్గు లేదా?"

"సిగ్గుపడ్డందుకు సిగ్గుగా ఉందండీ."

పెద్దాయన పెదవి చివర చిన్న నవ్వు మెదిలింది. ప్రొఫెసరమ్మ నవ్వలేదు.

"ఒకటి అడగక తప్పదు. చంపే చోట పెరిగి, బతికించే చదువుకి వస్తానంటున్నావు. రెండూ ఎలా పొసగుతాయి నీకు?"

గువ్వ ఈ ప్రశ్నకి జవాబు ఇంట్లో పదిసార్లు అల్లుకుంది. అవన్నీ పక్కన పెట్టేసింది.

"దానికి నా దగ్గర పెద్ద జవాబు లేదండీ. మా నాన్న ఏం చేస్తారో చెప్తాను. లారీ దిగగానే గొర్రెల్ని షెడ్డులోకి తోలరు. వాటి ఊపిరి కుదుటపడేదాకా ఆగుతారు. జబ్బుదైతే తప్ప ఒక్కదాన్నీ ఒంటరిగా కట్టరు, బెదురుతుందని. కర్రతో అదిలించినవాణ్ణి ఆ పూటే పని మాన్పించారు. జబ్బు గొర్రె అయితే ఎంత నష్టమైనా కొట్టుకి తేరు. ప్రాణం ఉన్నంతసేపూ దానికి నొప్పి తెలుస్తుంది, భయం తెలుస్తుంది, అది మనం చూసుకోవాలి అంటారు. నేను జంతువుని దగ్గరగా చూడ్డం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. చదువుకుంటే ఇంకా ముందే చూడొచ్చు, జబ్బు ముదరకముందే. అందుకొచ్చానండీ."

ప్రొఫెసరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంది. కుర్ర లెక్చరరు ఒక ఫొటో ముందుకు జరిపాడు. దవడ కింద వాపుతో ఒక గొర్రె.

"ఇదేం జబ్బు?"

"ఫొటో చూసి చెప్పలేనండీ."

"ఊహించు."

"ముందు కనురెప్ప తిప్పి చూస్తాను. ఎక్కడ మేస్తోందో, ఎక్కడ నీళ్ళు తాగుతోందో అడుగుతాను. జలగలు కావచ్చు. కడుపులో రక్తం పీల్చే పురుగులున్నా ఇలాగే వాస్తుంది. పెంటికలు పరీక్షకి పంపాకే చెప్తాను."

లెక్చరరు ఫొటో వెనక్కి తీసుకుని పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "వెళ్ళిరా అమ్మా," అన్నాడు.

ఇంటికెళ్ళాక "ఎలా చేశావ్?" అని నాన్న అడిగితే, "అడిగినవాటికి చెప్పాను," అని ఊరుకుంది. ఏం చెప్పిందో ఆయనకి చెప్పడానికి మొహమాటపడింది.

ఐదు వారాల తర్వాత, కొట్టు నిండా జనం ఉన్న ఉదయాన, ఆమె ఫోన్‌లో మెసేజ్ మోగింది. గువ్వ తడి చేతులతోనే తీసి చూసింది. మళ్ళీ చూసింది. ఫోన్ అమ్మ చేతిలో పెట్టింది.

అమ్మ కళ్ళు చికిలించి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ పైకే చదివింది. "పశు... వైద్య... కళాశాలలో... మీకు... సీటు... కేటాయించ... ఓరి దేవుడోయ్! వచ్చింది! సీటొచ్చింది! ఏమండీ, వింటున్నారా, మన గువ్వకి సీటొచ్చింది!"

మొద్దు మీద చప్పుడు ఆగిపోయింది.

నాన్న కత్తి పక్కన పెట్టాడు. కుళాయి దగ్గరికెళ్ళి మోచేతుల దాకా సబ్బు రాసి, ఒక్కో వేలూ రుద్ది కడుక్కున్నాడు. ఉతికిన తువ్వాలు తీసుకుని తుడుచుకున్నాడు. జనమంతా చూస్తున్నారు. అప్పుడొచ్చి కూతురి తల మీద చెయ్యి పెట్టాడు.

"బాబూ, నా ముక్కలు?" అంది వరసలో ముందున్న ముసలామె.

"ఒక్క నిమిషం ఆగమ్మా," అన్నాడు నాన్న. "మా అమ్మాయి డాక్టరవుతోంది."

"ఈ నిమిషంలోనా?" అంది ముసలామె. కొట్టంతా గొల్లున నవ్వింది. నాన్న కూడా నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ. ఆ రోజు ఆయన కొట్టిన ముక్కలు ఒకటి లావు, ఒకటి సన్నం. ఎవరూ కిమ్మనలేదు.

చేరే రోజున నాన్న వెంట వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బస్సులో కిటికీ అద్దంలో కాలరు నాలుగుసార్లు సరిచూసుకున్నాడు. కళాశాల గేటు దగ్గరికొచ్చాక మాత్రం, "నువ్వెళ్ళి రామ్మా, నేనిక్కడ ఉంటాను," అన్నాడు.

"నువ్వు రాకపోతే నేనూ వెళ్ళను," అంది గువ్వ. చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది.

ఆఫీసులో కాగితాల పని ఒక పట్టాన తెమిలేలా లేదు. వరసలో గువ్వ నిలబడితే, నాన్న నెమ్మదిగా ఆవరణలోకి నడిచాడు. వెనకవైపు పశువుల ఆసుపత్రి, దాని పక్కన చిన్న దొడ్డి. అందులో మూడు గొర్రెలు. ఆయన కాళ్ళు వాటంతటవే అక్కడ ఆగాయి. మూలనున్న గొర్రెను కాసేపు చూశాడు. అటు తిరిగి, ఇటు తిరిగి మళ్ళీ చూశాడు.

"ఎవరి కోసమండీ?" అని వినబడితే ఉలిక్కిపడ్డాడు. పొట్టిజుట్టు ప్రొఫెసరమ్మ వెనక నిలబడి ఉంది.

"మా అమ్మాయి చేరుతోందండీ. ఊరికే చూస్తున్నాను." వెళ్ళిపోబోయి ఆగాడు. "ఏమీ అనుకోకండి. ఆ మూలదానికి ఎడమ డొక్క ఉబ్బి ఉంది. నేను చూస్తున్నంతసేపూ నెమరు వెయ్యలేదు."

ఆమె దొడ్లోకి దిగి, గొర్రె డొక్క మీద అరచేయి ఆన్చి, వేళ్ళతో కొట్టి చూసింది. వెంటనే లోపలున్న వాళ్ళను పిలిచి గొట్టం తెమ్మంది. వాళ్ళు గొర్రెను పట్టుకుని గొంతులోంచి గొట్టం దించారు. బుస్సుమంటూ గాలి బయటికొచ్చింది. నాన్న దొడ్డి కంచె పట్టుకుని అంతా శ్రద్ధగా చూశాడు.

పని అయ్యాక ప్రొఫెసరమ్మ చేతులు కడుక్కుని ఆయన దగ్గరికొచ్చింది. "పొద్దున తెచ్చినప్పుడు బాగానే ఉంది. ఇప్పుడే ఉబ్బినట్టుంది. మీరు మాంసం కొట్టాయన కదూ?"

నాన్న మొహం చిన్నబోయింది. చొక్కా అంచు సర్దుకుని, "అవునండీ. ఎలా తెలిసింది?" అన్నాడు.

"మీ అమ్మాయి ఇంటర్వ్యూలో తన గురించి మాట్లాడమంటే మీ గురించే మాట్లాడింది. ఇరవై నిమిషాల్లో పావు వంతు మీరే." ఆమె చెయ్యి చాపింది. "మిమ్మల్ని చూడాలనుకున్నాను."

నాన్న చెయ్యి ఒకసారి ప్యాంటుకి తుడుచుకుని అప్పుడు ఇచ్చాడు.

గువ్వ కాగితాలన్నీ ముగించుకుని, మెడలో కొత్త గుర్తింపు కార్డుతో బయటికొచ్చేసరికి ఆయన దొడ్డి దగ్గరే ఉన్నాడు. కార్డు చేతిలోకి తీసుకుని, ఎండకి మెరుస్తుంటే వాల్చి చూశాడు. బళ్ళో పెట్టిన పేరు, పూర్తిగా, దాని కింద పశువైద్య విద్యార్థి అని ఉంది. పెదవులు కదిలిస్తూ ఆ పొడుగాటి పేరు మొదటి నుంచి చివరిదాకా తప్పు లేకుండా చదివాడు.

"వెళ్ళు. క్లాసుకి టైమైంది," అన్నాడు.

"నువ్వు జాగ్రత్తగా వెళ్తావా?"

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా? వెళ్ళమ్మా."

ఆమె మెట్లెక్కి మూల తిరిగేదాకా చూసి, బస్సు స్టాపుకొచ్చి బల్ల మీద కూర్చున్నాడు. ఇంటికి ఫోన్ చేశాడు. మామూలుగా ఆయన ఫోన్‌లో రెండు మాటలకి మించి మాట్లాడడు. "వస్తున్నా" అనో, "సరే" అనో పెట్టేస్తాడు.

"ఏమైందండీ? చేరిందా?" అంది అమ్మ.

"చేరింది," అన్నాడు నాన్న. "ఆగు, అంతే కాదు. చెప్తాను, మొదట్నుంచీ విను. గేటు ఉంది చూశావూ, అంతెత్తు ఉంది..."

ఆయన గేటు దగ్గర మొదలుపెట్టి, ఆఫీసు, దొడ్డి, గొర్రె, గొట్టం, ప్రొఫెసరమ్మ చెయ్యి చాపడం, కార్డు మీద పేరు, ఒక్కటీ వదలకుండా చెప్పాడు. అమ్మ నడుమ నడుమ "మళ్ళీ చెప్పండి, ఆవిడ ఏమన్నారూ?" అంటే అక్కడ ఆగి మళ్ళీ చెప్పాడు. పక్కన కూర్చున్న మనిషి కూడా వినడం మొదలుపెడితే, అటు తిరిగి అతనికీ చెప్పాడు.

ఊరికెళ్ళే బస్సులు రెండు వచ్చి వెళ్ళిపోయాయి. నాన్న వాటిని చూడనే లేదు.